ఘాటీ దిగే బండికి ఒక గ్రీజు, గెడ్డలో దిగే బండికి ఇంకొకటి

ప్రశ్న: మాది జయపురం దగ్గర పల్లె. ఒక పికప్, ఒక ట్రాక్టరు, దానికో రెండు చక్రాల ట్రాలీ ఉన్నాయి. పికప్‌లో సెమిలిగుడ నుంచి అల్లం, కూరగాయలు సుంకి ఘాటీ (కనుమ దారి) మీదుగా సాలూరు, విజయనగరం తీసుకెళ్తాం. ట్రాక్టరు దమ్ముకి, ట్రాలీ ధాన్యానికీ ఇసుకకీ. పికప్ ముందు ఎడమ చక్రం బేరింగు ఏడాదిలో రెండుసార్లు మార్చాం. ట్రాలీ హబ్బు (చక్రం మధ్య బేరింగులుండే భాగం) విప్పితే గ్రీజు తెల్లబారిపోయి నీళ్ళోడుతోంది. మెకానిక్ నల్ల గ్రీజు వెయ్యమంటాడు, కొట్టువాడు ఏపీ-3 (మామూలు లిథియం గ్రీజు) చాలంటాడు, డ్రైవరు ఎర్రది మంచిదంటాడు. ఏది కొనాలి? పాత గ్రీజు మీదే కొత్తది వెయ్యొచ్చా?

జవాబు: పికప్ ముందు చక్రాలకి లిథియం కాంప్లెక్స్ గ్రీజు, ఈపీ (ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే) రకం, ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు మెత్తదనం కొలత) 2 నంబరు కొనండి. డబ్బా మీద జీసీ-ఎల్‌బీ అని ఉంటే ఇంకా నయం. జీసీ అంటే చక్రాల బేరింగులకి పై తరగతి, ఎల్‌బీ అంటే చాసిస్ కీళ్ళకి పై తరగతి. ట్రాలీకీ, ట్రాక్టరు ముందు చక్రాలకీ దొరికితే కాల్షియం సల్ఫొనేట్ కాంప్లెక్స్ గ్రీజు వెయ్యండి. దొరక్కపోతే మీ కొట్టువాడు చెప్పిన ఏపీ-3 సరిపోతుంది, కాకపోతే ఏడాదికి రెండుసార్లు హబ్బు విప్పి కడగాల్సిందే. నల్ల గ్రీజు ఈ మూడింటి చక్రాల బేరింగులకీ వద్దు. పాతదాని మీద కొత్తది వెయ్యడం అసలే వద్దు.

ఇంకో సంగతి. ఒకే చక్రంలో బేరింగు ఏడాదిలో రెండుసార్లు పోతే ముందుగా గ్రీజును అనుమానించనక్కర్లేదు. కుడి చక్రానికీ అదే గ్రీజు, అదే లోడు, అదే ఘాటీ. అది బాగానే తిరుగుతోంది. ఎడమ హబ్బులో ఏం చూడాలో కింద చెప్తాం.

ముందు రంగు గొడవ తేల్చేద్దాం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కంపెనీలు కలిపే రంగులే. ఒక కంపెనీ ఎర్ర గ్రీజు లిథియం కాంప్లెక్స్ అయితే, ఇంకో కంపెనీ ఎర్రది మామూలు లిథియం కావచ్చు. రంగు కొంత అర్థం చెప్పేది నలుపు ఒక్కటే. అందులో మాలిబ్డినం డైసల్ఫైడో (అందరూ మోలీ అనేది) గ్రాఫైటో ఉండే అవకాశం ఎక్కువ. అదైనా ఏ సబ్బుతో చేశారో చెప్పదు. గ్రీజులో ఎక్కువ భాగం నూనే. దాన్ని పట్టి ఉంచే సబ్బు కొద్దిపాటి. వత్తి నూనెను పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలినట్టు, ఈ సబ్బు రోలర్ల మధ్యకి నూనెను వదులుతుంటుంది. కందెన పని చేసేది ఆ నూనే. వేడికీ నీళ్ళకీ అది నిలుస్తుందా కారిపోతుందా అన్నది మాత్రం సబ్బు చేతిలో ఉంటుంది. అందుకే డబ్బా మీద మొదట చూడాల్సింది సబ్బు పేరు.

మీ పికప్ సంగతి వేడి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు దిగేసరికి ఏడొందల మీటర్ల పైచిలుకు కిందికి వచ్చేస్తాం. సరుకుతో కలిపి 3 టన్నుల బండి 700 మీటర్లు దిగితే వదిలించుకోవలసిన శక్తి సుమారు 5.7 యూనిట్ల కరెంటుతో సమానం. అందులో కొంత ఇంజనూ గాలీ తీసుకుంటాయి, మిగిలిందంతా బ్రేకుల్లో వేడి అవుతుంది. ముందు డిస్కు హబ్బుకే బిగించి ఉంటుంది కాబట్టి ఆ వేడి నేరుగా బేరింగుకి పాకుతుంది. బండి ఆగాక మరీ ఎక్కువ, ఎందుకంటే గాలి తగలదు, డిస్కులో ఉన్న వేడి హబ్బులోకి చేరుతుంది. ఘాటీ దిగి టీ కొట్టు దగ్గర ఆపిన పది పదిహేను నిమిషాల్లోనే లోపలి గ్రీజు బాగా పల్చబడేది.

డబ్బాల మీద డ్రాపింగ్ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. గ్రీజు కరిగి చుక్క రాలే వేడి అది. మామూలు లిథియం గ్రీజుకి 180 నుంచి 190 డిగ్రీలు, లిథియం కాంప్లెక్స్‌కి 250 పైన. 190 దాకా పనికొస్తుందని దాని అర్థం కాదు. ఎక్కువసేపు పనిచెయ్యగల వేడి అంతకంటే 50, 60 డిగ్రీలు తక్కువే ఉంటుంది. అంటే మామూలు లిథియం 120, 130 దగ్గర ఆగిపోతుంది. ఆపైన నూనె విడిపోయి సీలులోంచి (గ్రీజును లోపల ఆపే రింగు) కారుతుంది, మిగిలిన సబ్బు గట్టిపడి అంచులకి అంటుకుపోతుంది. మైదానంలో తిరిగే పికప్‌కి ఏపీ-3 తప్పేం కాదు. రోజూ సుంకి దిగే బండికి మాత్రం ఆ కాస్త తేడాకి డబ్బు పెట్టడం న్యాయమే. ఒక్క డబ్బా చాలా కాలం వస్తుంది, బేరింగు సెట్టు ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

2 నంబరా 3 నంబరా అన్నది దాని తర్వాతి మాట. ఈ అంకెలు మెత్తదనాన్ని చెప్తాయి, నాణ్యతను చెప్పవు. 25 డిగ్రీల దగ్గర ప్రమాణపు శంకువు 265 నుంచి 295 (మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన) దిగితే 2 నంబరు, 220 నుంచి 250 దిగితే 3 నంబరు. ఏపీ-3 పేరులోని 3 ఇదే. మీ మాన్యువల్‌లో 3 అని ఉంటే 3 వెయ్యండి. ఏదీ లేకపోతే 2 చాలు. సెమిలిగుడ వైపు డిసెంబరు చలిలో తెల్లవారుజామున బండి తీస్తే 2 నంబరు త్వరగా రోలర్ల దగ్గరికి చేరుతుంది.

ఇక ట్రాలీ. దీనికి వేడి బాధ దాదాపు లేదు. గంటకి 15 కిలోమీటర్లలో వెళ్ళే ట్రాలీ చక్రం నిమిషానికి వంద చుట్లు కూడా తిరగదు. మీ పికప్ చక్రం 60 మీద సుమారు 450 తిరుగుతుంది. నిదానంగా, బరువుతో తిరిగే బేరింగులో నూనె పొర పల్చగా ఏర్పడుతుంది కాబట్టి చిక్కటి నూనె ఉన్న గ్రీజు కావాలి. డబ్బా మీదో, కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలోనో 'బేస్ ఆయిల్ విస్కాసిటీ' (నూనె చిక్కదనం) 40 డిగ్రీల దగ్గర 220 సెంటీస్టోక్స్, ఆపైన ఉంటే ట్రాలీకి బాగుంటుంది. పికప్‌కి 150 నుంచి 220 మధ్య సరిపోతుంది.

ట్రాలీకి అసలు శత్రువు నీళ్ళు. అవి లోపలికి ఎలా వెళ్తాయో తెలిస్తే సగం పని అయినట్టే. ఇసుక లోడుతో వచ్చిన ట్రాలీ హబ్బు వెచ్చగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలాగే గెడ్డలోకి (వాగులోకి) దింపితే చన్నీళ్ళు తగిలి ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. ఆ లాగుడికి సీలు పెదవి పక్కనుంచి నీళ్ళూ, సన్న ఇసుకా లోపలికి పోతాయి. సీలు కొత్తదైనా కొంత లాగుతుంది. గెడ్డ దాటే ముందు ఓ పావుగంట ఆపడం కుదిరితే ఆపండి. ఇసుక లోడు కోసం ట్రాలీని నీళ్ళలోనే గంటల తరబడి నిలబెట్టే అలవాటు మాత్రం మానాలి. దానికి తట్టుకునే గ్రీజు లేదు.

లిథియం గ్రీజు కొంత నీటిని తనలో కలుపుకుని తెల్లబారుతుంది, మెత్తబడుతుంది. మీరు చూసింది అదే. మొదట్లో పని చేస్తూనే ఉంటుంది, కానీ ఇనుము మీద తుప్పు మొదలవుతుంది. ట్రాలీ వారం రోజులు ఊరికే నిలబడితే రోలరు ఎక్కడ ఆనుకుని ఉందో అక్కడ ఒక గీత పడుతుంది. తర్వాత అదే గీత పొరలుగా లేస్తుంది. కాల్షియం సల్ఫొనేట్ నీటిలో కూడా చెక్కుచెదరదు, తుప్పును ఆపే గుణం దాని సబ్బులోనే ఉంది, డ్రాపింగ్ పాయింట్ 300 పైన. ధర ఎక్కువ, చిన్న ఊళ్ళ కొట్లలో అడిగితే తెప్పించాలి. కాల్షియం అన్న మాట చూసి పాత రకం కప్ గ్రీజు కొనకండి. అది కూడా నీటికి తట్టుకుంటుంది, కానీ 60 డిగ్రీలు దాటితే విరిగిపోతుంది. సోడియం సబ్బు గ్రీజు ఎక్కడైనా మిగిలి ఉంటే అది నీళ్ళలో కరిగిపోయే రకం, గెడ్డ దరిదాపుల్లో దానికి పని లేదు.

నల్ల గ్రీజు గురించి మీ మెకానిక్ చెప్పేదానికి కారణం లేకపోలేదు. మోలీ పలకల్లాంటి పొడి, ఇనుము మీద ఇనుము రుద్దుకునే చోట, అంటే కింగ్ పిన్నులు, బాల్ జాయింట్లు, ఫిఫ్త్ వీలు, డ్రైవ్ షాఫ్ట్ సీవీ జాయింట్లలో బాగా కాపాడుతుంది. రోలర్లు దొర్లుతాయి, పెద్దగా రుద్దుకోవు. అక్కడ ఆ పొడి వల్ల లాభం తక్కువ. మోలీ ఎక్కువగా ఉన్న గ్రీజులో రోలరు దొర్లడం మాని జారే ప్రమాదం కూడా ఉంది. గ్రాఫైట్ గ్రీజు అయితే బేరింగులోకి పోనే కూడదు, అది కమాన్‌పట్టీలకి.

పాతదాని మీద కొత్తది ఎందుకు వద్దంటే, రెండు సబ్బులు ఒకదానికొకటి పడకపోతే కలిసిన ముద్ద రెండిటికంటే పల్చబడి కారిపోతుంది, లేదా రాయిలా బిగిసిపోతుంది. లిథియం, లిథియం కాంప్లెక్స్ మామూలుగా కలుస్తాయి. లిథియం మీద బంకమట్టి రకం గానీ, పాలీయూరియా గానీ, సోడియం గానీ పడవు. కాల్షియం సల్ఫొనేట్ కొన్నిటితో కలుస్తుంది, కొన్నిటితో కలవదు. ట్రాలీని దానికి మార్చేటప్పుడు పాతది చుక్క లేకుండా కడగండి. అన్నీ ఒకే రకమైనా సరే, పాత గ్రీజులో ఇనుప రజను, ఇసుక ఉంటాయి. కొత్తది పైన పూస్తే వాటిని లోపలికి తోసినట్టే.

కడగడానికి కిరసనాయిలో డీజిలో చాలు, పెట్రోలు వద్దు. బ్రష్‌తో కేజ్ (రోలర్లను విడివిడిగా పట్టి ఉంచే చట్రం) సందుల్లో తోమి, రెండో గిన్నెలో శుభ్రమైన డీజిలులో ఇంకోసారి ముంచి, నూలు రాలని గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. డీజిలు మిగిలితే కొత్త గ్రీజు పల్చబడుతుంది. గాలి పైపు పెట్టి బేరింగును గిర్రున తిప్పే ఆట మెకానిక్ షెడ్లలో మామూలు. పొడిగా అంత వేగంతో తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, కేజ్ పగిలి రోలరు కంట్లో పడొచ్చు. హబ్బు లోపలి గోడ, స్టబ్ యాక్సిల్ (హబ్బు ఎక్కే ఇరుసు) కూడా అంతే శుభ్రంగా ఉండాలి.

ఆరిన బేరింగును వెలుతురులో చూడండి. లేత గోధుమ మరక గ్రీజుది, భయం లేదు. నీలం, ఊదా రంగు వస్తే ఇనుము కాగిపోయింది. బూడిద రంగు గుంటలు నీళ్ళ పని. రోలర్ల దూరంలోనే వరసగా గుంటలు పడితే సుత్తి దెబ్బో, పెద్ద గోతిలో పడ్డ దెబ్బో. రోలర్ల వెడల్పు కొస గీసుకుపోయి ఉంటే నట్టు అతిగా బిగించారు. వీటిలో ఏది కనిపించినా కప్పు (బయటి రింగు), కోను (రోలర్లున్న లోపలి రింగు) రెండూ కలిపి, ఒకే కంపెనీ సెట్టు మార్చాలి. కొత్త కోను పాత కప్పులో పెట్టడం వల్ల మిగిలే డబ్బు మీకు మూడు నెలలు కూడా నిలవదు.

గ్రీజు ఎంత వెయ్యాలన్న దగ్గర చాలామంది ధారాళంగా ఉంటారు, నష్టం అక్కడే. బేరింగు లోపలి సందులన్నీ నిండాలి. అరచేతిలో గ్రీజు పెట్టుకుని కోను వెడల్పు వైపు అంచును దాంట్లోకి నొక్కుతూ, అవతలి సన్న వైపు రోలర్ల మధ్య నుంచి గ్రీజు బయటికి వచ్చేదాకా చుట్టూ తిప్పండి. కప్పు లోపలి ముఖానికీ సన్న పొర రాయండి. రెండు బేరింగుల మధ్య హబ్బు ఖాళీలో మూడో వంతు చాలు, సగం దాటకూడదు. ట్రాలీలో నీళ్ళ భయానికి సగం దాకా వెయ్యొచ్చు. మూతలో కొంచెం పూతలా రాస్తే సరి. హబ్బు నిండా కూరితే తిరిగేటప్పుడు గ్రీజు చిలకబడి వేడెక్కుతుంది, నూనె విడిపోతుంది, ఉబ్బి సీలును బయటికి తోస్తుంది, చివరికి డిస్కు మీదో బ్రేకు లైనింగు మీదో పడుతుంది. ఘాటీలో ఆ బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నిపిల్ (గన్ను మూతి ఆనించే చిన్న మొన) ఉన్న హబ్బుకి, విప్పే మధ్యలో అదే గ్రీజును గన్నుతో వేసేటప్పుడు ఒక లెక్క ఉంది. బేరింగు బయటి వ్యాసాన్ని వెడల్పుతో (రెండూ మిల్లీమీటర్లలో) గుణించి 0.005తో గుణిస్తే అదనంగా వెయ్యాల్సిన గ్రాములు వస్తాయి. 30206 బేరింగు 62 మి.మీ. వ్యాసం, 17.25 మి.మీ. వెడల్పు, అంటే 5 గ్రాముల పైచిలుకు. చేతి గన్ను ఒక్కో నొక్కుకి సుమారు ఒక గ్రాము వదులుతుంది. చక్రం తిప్పుతూ మెల్లగా నొక్కండి. గన్ను ఒత్తిడి సీలు ఆపలేనిది, తొందరపడితే పెదవి తిరగబడిపోతుంది.

సీలు ప్రతిసారీ కొత్తది. గ్రీజుకి ఎంత ఆలోచిస్తున్నారో సీలుకీ అంత ఆలోచించండి. పెదవి బేరింగు వైపు ఉండాలి, దానికి కాస్త గ్రీజు రాయాలి, సీలును సమంగా పలక పెట్టి కొట్టాలి. సీలు ఆనే చోట యాక్సిల్ మీద గోరు పెట్టి గీసి చూడండి. గోరు తగులుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. ట్రాలీకి రెండు పెదవుల సీలు దొరికితే అదే వెయ్యండి.

నట్టు బిగింపు. ఒక కాజిల్ నట్టూ (పిన్ను పట్టే గాళ్ళున్న నట్టు) స్ప్లిట్ పిన్నూ ఉన్న టేపర్ బేరింగులకి ఇది వర్తిస్తుంది. రెండు నట్లు, లాక్ వాషరు ఉన్న బండ్లకి మాన్యువల్ చెప్పిన కొలతే వేదం. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, పట్టేసినట్టు అనిపించేదాకా స్పానరుతో బిగించండి. దీంతో రోలర్లు సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత పావు చుట్టు వదులు చేసి, వేళ్ళతోనే బిగువు అందేదాకా తిప్పండి. పిన్ను కన్నం కలవకపోతే దగ్గరి గాడికి వదులు వైపు తిప్పండి, బిగింపు వైపు కాదు. చివరికి ముందుకీ వెనక్కీ ఆట 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ఉండాలి. డయల్ గేజు లేకపోతే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లీలగా తెలియాలి, టకటక కొట్టకూడదు. స్ప్లిట్ పిన్ను పాతది మళ్ళీ వాడొద్దు. కొత్త కప్పు వేస్తే 50, 100 కిలోమీటర్ల తర్వాత ఈ ఆట ఇంకోసారి చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే.

మీ ఎడమ చక్రానికి వద్దాం. మొదట కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం). దాని స్లైడ్ పిన్నులు తుప్పుపట్టి పట్టేస్తే ప్యాడు డిస్కును వదలదు, ఆ ఒక్క వైపే హబ్బు కాగుతుంది, ఏ గ్రీజు వేసినా మాడుతుంది. సమంగా ఉన్న రోడ్డు మీద పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడి నడిపి, ఆపగానే రెండు హబ్బుల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవండి. తేడా 15, 20 డిగ్రీలు దాటితే కాలిపర్ గానీ, నట్టు అతి బిగింపు గానీ. జాకీ ఎత్తి చేత్తో తిప్పినా చాలావరకు తెలిసిపోతుంది. రెండోది, బయటి కప్పు హబ్బులో వదులుగా తిరుగుతోందేమో. హబ్బు లోపల మెరిసే అరుగుదల కనిపిస్తే హబ్బు మార్చడమే, పంచ్‌తో గాట్లు పెట్టి బిగించడం వారం ముచ్చట. మూడోది, కప్పును నేరుగా సుత్తితో కొట్టి దింపారేమో అడగండి. ఇత్తడి కడ్డీ పెట్టి చుట్టూ మార్చి మార్చి కొట్టాలి, లేదా ప్రెస్సులో దింపాలి. వంకరగా కూర్చున్న కప్పు మీద లోడంతా ఒక్క చోటే పడుతుంది. ఈసారి విప్పిన పాత బేరింగును పారెయ్యకుండా ఉంచండి, పైన చెప్పిన మరకలూ గుంటలూ ఏవి ఉన్నాయో అదే చెప్తుంది. ఘాటీ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగడం ఎలాగూ ఉండాలి.

ఎన్నాళ్ళకోసారి విప్పాలంటే, మాన్యువల్ గడువు మైదానపు రోడ్లకి రాసింది. లోడుతో ఘాటీ తిరిగే పికప్‌కి 20,000 కిలోమీటర్లకి ఒకసారి విప్పడం మా సలహా. ట్రాలీ, ట్రాక్టరు ముందు చక్రాలు ఉభాలకి (వరి నాట్లకి) ముందు ఒకసారి, ఉభాలు అయ్యాక వారంలోపు ఇంకోసారి. రెండోదే ముఖ్యం. నీళ్ళు పట్టిన హబ్బును కోతల దాకా షెడ్డులో వదిలేస్తేనే తుప్పు గీతలు పడేది.

కొనేటప్పుడు విడిగా కవర్లో తూచి ఇచ్చే గ్రీజు తీసుకోకండి, అందులో ఏ సబ్బు ఉందో చెప్పగలిగేవాడు ఎవడూ లేడు. సీలు ఉన్న డబ్బా, తయారీ తేదీ చూసి కొనండి. పైన కొంచెం నూనె తేలితే కలిపి వాడుకోవచ్చు. మందంగా తేలి అడుగు గట్టిపడితే తిరిగి ఇచ్చెయ్యండి. రెండు గ్రీజులు ఉంచుకుంటున్నారు కాబట్టి రెండు గన్నులు పెట్టుకుని, డబ్బాల మీదా గన్నుల మీదా పికప్, ట్రాలీ అని పెయింటుతో రాయండి. మూత తీసి ఉంచిన డబ్బాలో పడ్డ చిటికెడు ఇసుక అంత మంచి గ్రీజునూ పాడుచేస్తుంది.

పికప్ వెనక బేరింగుల జోలికి శబ్దం రానంతవరకు పోవద్దు. బండిని బట్టి అవి సీలు చేసినవో, యాక్సిల్ ఆయిలుతో నడిచేవో ఉంటాయి. మోటారు సైకిలుకీ, చాలా కార్లకీ వచ్చే మూసిన బేరింగులకి ఫ్యాక్టరీ గ్రీజే ఆఖరు. మూత గుచ్చి తీసి గ్రీజు పూసే ప్రయత్నం వద్దు, పోతే మార్చడమే. మెకానిక్ ఇప్పటికే నల్ల గ్రీజు కొని తెచ్చి ఉంటే, అది మోలీదైతే ట్రాక్టరు కింగ్ పిన్నులకీ, ముందు యాక్సిల్ మధ్య పిన్నుకీ వాడుకోండి, నిపిల్ నుంచి పాతదంతా బయటికి వచ్చేదాకా కొట్టి. గ్రాఫైట్‌ది అయితే పికప్ కమాన్‌పట్టీల మధ్యకి.